రిజర్వు పెట్రోలుతో ఎంత దూరము?

ఒంగోలులో ట్రంకు రోడ్డు మీద గాని, కర్నూలు రోడ్డు మీద గాని కొంతసేపు నిలిచి చూచినచో, ఒకప్పుడు ఒక చిన్న వింత తరచుగా కనబడెడిది. మోటారు సైకిలు మీద పోవుచున్నవాడు ఉన్నట్లుండి ఎడమ చేతిని మోకాలి ప్రక్కకు పోనిచ్చును. కన్ను రోడ్డు మీదనే యుండును. చేయి మాత్రము తడుముకొని ఒక మరను త్రిప్పి మరల పైకి వచ్చును. అప్పటి వరకు దగ్గుచున్న బండి గొంతు సవరించుకొని సాగిపోవును. వెనుక కూర్చున్నవారు "ఏమైంది?" అని అడుగుదురు. "ఏం లేదు, రిజర్వుకు వచ్చింది" అని సమాధానము. పాత బండ్లున్నవారి యిండ్లలో ఈ మాట నేటికిని వినబడుచునే యున్నది.

అటుపిమ్మట రావలసిన ప్రశ్న ఒకటే. ఇంకను ఎంత దూరము పోవును? దీనికి పదిమందిని అడిగిన పది సమాధానములు వచ్చును. ఒకరు ఇరువది కిలోమీటర్లందురు, ఒకరు ఏబది అందురు. మరియొకరు "మా బండి రిజర్వులోనే వారము తిరుగును" అని మీసము దువ్వుదురు. వీరెవ్వరును అబద్ధమాడుట లేదు. ఎవరి బండి లెక్క వారిది. అయితే ఆ లెక్క ఎట్లు కట్టవలెనో, ఎచ్చట తప్పునో తెలిసినవారు తక్కువ. దానినే ఇచ్చట వివరింప దలచితిమి.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. రిజర్వు అనగా టాంకులో వేరుగా కట్టిన అర యనియు, దానికి వేరే మూత, వేరే గోడ ఉండుననియు చాలమంది తలంతురు. అట్టిదేమియు లేదు. టాంకు ఒకటే, పెట్రోలు ఒకటే. వేరైనవి గొట్టములు మాత్రమే.

మన ప్రాంతపు రైతునకు ఈ సంగతి చెరువును చూపి చెప్పిన వెంటనే బోధపడును. చెరువునకు ఒక తూము ఎగువ మట్టమున, మరియొకటి పల్లపు మట్టమున ఉన్నదనుకొనుడు. నీరు నిండుగా నున్నంత కాలము ఎగువ తూము పారును. నీటి మట్టము ఆ తూము గడప కంటె క్రిందికి దిగగానే అది ఆగిపోవును. చెరువు ఎండినట్లు కాదు. ఆ తూమునకు నీరు అందలేదు, అంతియే. అప్పుడు పల్లపు తూము తీసిన మరల నీరు పారును. దాని గడప కంటె క్రింద మిగిలిన నీరు మాత్రము ఏ తూమునకును అందదు. అది చేపలకును, పశువులకును.

మోటారు సైకిలు టాంకు అడుగున బిగించిన పెట్రోలు కుళాయిలో జరుగునది సరిగా ఇదియే. ఆ కుళాయి నుండి టాంకు లోపలికి ఒక సన్నని గొట్టము నిలువుగా లేచి యుండును. మరను 'ఆన్' అను గుర్తు వద్ద ఉంచినప్పుడు పెట్రోలు ఆ గొట్టపు పై అంచు నుండి మాత్రమే క్రిందికి దిగును. మట్టము ఆ అంచు కంటె తగ్గినంతనే ధార ఆగును. 'రిజర్వు' గుర్తు వద్దకు త్రిప్పినప్పుడు అడుగుననే యున్న మరియొక రంధ్రము తెరచుకొనును. కావున రిజర్వు ఎంత యనునది ఆ గొట్టము ఎంత ఎత్తు లేచినదో, ఆ యెత్తు వరకు టాంకు ఎంత వెడల్పుగా నున్నదో, వీనిని బట్టి యుండును. సామాన్యముగా మన దేశపు బండ్లలో ఇది 1 లీటరునకును 2 లీటర్లకును నడుమ నుండును. మీ బండికి ఎంతయో బండితో వచ్చిన చిన్న పుస్తకములో వ్రాసి యుండును. ఆ పుస్తకము ఎవ్వరును చదువరు. బీరువాలో భూమి కాగితముల క్రింద భద్రముగా నుండును.

1955లో మద్రాసు చేరువ తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డు బుల్లెట్టు పని మొదలైన నాటి నుండియు, 1961లో మైసూరులో జావా, తరువాత రాజదూత్, 1972 నుండి బజాజ్ చేతక్ స్కూటరు, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 — రూపములు వేరైనను వీని కుళాయి సూత్రము ఒక్కటియే. చేతక్‌లో ఆ మర సీటు క్రింద నుండెడిది. అందుచేత స్కూటరు నడుపువారు వంగి కాళ్ల సందున వెదకుకొనుచు త్రిప్పెడివారు. చూచువారికి అది నవ్వులాటగా నుండెడిది.

మట్టము తగ్గిన వెంటనే బండి ఎందుకు ఆగదు, ఎందుకు కొంతసేపు తడబడును అనునది గమనింపదగినది. కార్బరేటరు అడుగున ఒక చిన్న గిన్నె యుండును. టాంకు నుండి దిగిన పెట్రోలు మొదట దానిలో నిలుచును. గొట్టములో ధార ఆగినను ఆ గిన్నెలోని పెట్రోలు కొంత దూరము లాగును. అది తరుగుచుండగా ఇంజనులోనికి పెట్రోలు తక్కువయి గాలి ఎక్కువగును. అప్పుడే బండి దగ్గును, ఈడ్చును. ఆ క్షణముననే మర త్రిప్పినచో గిన్నె మరల నిండి బండి ఆగకయే సాగును. ఆలసించినచో గిన్నె పూర్తిగా ఎండిపోవును. అప్పుడు ప్రక్కకు తీసి ఆపి, కొంచెము సేపు నిలిపి, మరల కిక్కు కొట్టవలసి వచ్చును. జాతీయ రహదారి మీద వెనుక నుండి లారీలు తరుముకొని వచ్చుచున్నప్పుడు ఈ కొద్దిపాటి తేడా చిన్నది కాదు. మర ఎచ్చట నున్నదో, ఎటు త్రిప్పవలెనో బండి నిలిపి యున్నప్పుడే చేతికి అలవాటు చేసికొనవలెను.

ఇక దూరము. లెక్క చిన్నపిల్లలు చేయదగినదే: రిజర్వు ఎన్ని లీటర్లో, లీటరునకు బండి ఎన్ని కిలోమీటర్లు పోవునో, ఈ రెంటిని హెచ్చవేయవలెను. 1.5 లీటర్ల రిజర్వు, లీటరునకు 50 కిలోమీటర్లు పోవు బండి యైనచో 75 కిలోమీటర్లు. అదే రిజర్వు గల పాత రెండు స్ట్రోకుల బండి లీటరునకు 30 మాత్రమే పోవునదైనచో 45 కిలోమీటర్లు. కాగితము మీద ఇంతయే. కాని కాగితము మీద గాలి వీవదు, బస్తాలు ఉండవు, బావమరది వెనుక కూర్చుండడు.

ఒంగోలు సముద్రమునకు దాపున నున్న ఊరు. వేసవిలో మధ్యాహ్నము దాటిన పిదప తూర్పు నుండి సముద్రపు గాలి లేచును. ఎండకు వేగిన ప్రాణములకు అది హాయి. సాయంకాలము పొదిలి వైపు నుండి ఒంగోలు వచ్చుచున్న బండికి మాత్రము అది ఎదురుగాలి. నైరృతి ఋతువున పడమటి గాలి బలముగా వీచును. అప్పుడు పొదిలి వైపు పోవువారికి ఎదురు. గాలి యొత్తిడి వేగమును బట్టి సమముగా పెరుగక, దాని వర్గమును బట్టి పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున తగులు ఒత్తిడి కంటె 60 కిలోమీటర్ల వేగమున తగులునది రెండింతలకు మించిపోవును. పెట్రోలు తక్కువగా నున్నది, త్వరగా పోయి బంకు చేరుదమని వేగము పెంచువారు ఉన్నారు. వారు చేయుచున్నది ఉన్న దూరమును తగ్గించుకొనుటయే. రిజర్వులో నున్నప్పుడు 40 దాటకుండ, గేరు మీది గేరులో, బ్రేకు తక్కువగా వాడుచు సాఫీగా పోవుటయే లాభము.

టైరులో గాలి తక్కువైనను, గొలుసు బిగుసుకొన్నను, ఇద్దరు మనుష్యులకు తోడు మిరప బస్తా గాని పురుగుమందు డబ్బాలు గాని ఎక్కించినను, నల్లరేగడి డొంకలో రెండవ గేరున ఈడ్చినను లెక్క తగ్గుచునే యుండును. పెట్రోలులో సైతము మార్పు వచ్చినది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి 20 వంతులకు చేరినది. ఇథనాలు లీటరులో నుండు శక్తి పెట్రోలు లీటరులోని శక్తి కంటె దాదాపు మూడవ వంతు తక్కువ. ఆ లెక్కను మిశ్రమములో నూటికి ఆరేడు వంతుల వరకు శక్తి తగ్గును. కావున పదేండ్ల క్రిందట కట్టుకొన్న మైలేజి లెక్కను నేడు నమ్మరాదు.

ఇవియన్నియు చూచి మేము పెట్టుకొన్న కట్టుబాటు ఒకటున్నది. కాగితము మీద వచ్చిన దూరములో మూడింట రెండు వంతులనే నమ్మవలెను. 75 వచ్చినచో 50, 45 వచ్చినచో 30. ఇట్లు చూచినప్పుడు మొదటి బండి ఒంగోలు నుండి కొత్తపట్నము తీరమునకు పోయి రాగలదు. చీమకుర్తి పోయి రాగలదు. సుమారు 38 కిలోమీటర్ల దూరమున నున్న అద్దంకికి చేరగలదు కాని తిరిగి రాలేదు. సుమారు 50 కిలోమీటర్ల దూరపు పొదిలికి అంచుల మీద చేరును. సుమారు 80 కిలోమీటర్ల కనిగిరి మాట తలపనే రాదు. రెండవ బండికి చీమకుర్తి పోవుట వరకే ధైర్యము. జాతీయ రహదారి పొడవునను టంగుటూరు, సింగరాయకొండ వైపు బంకులు దగ్గర దగ్గరగా నుండుటచే ఈ లెక్కలతో పని తక్కువ. చిక్కంతయు పడమటి వైపుననే. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల అంచులు ముక్కలుగా తెచ్చి కలిపిరి. అంచున నున్న ఊళ్ల నడుమ దూరములు ఎక్కువ, దీపములు తక్కువ.

ఆ పడమటి రోడ్డు మీదనే మాకు బుద్ధి వచ్చినది. 1990 తరువాతి మాట. మా యింట ఒకే బండి, నడుపువారము ముగ్గురము. ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలకు, పొదిలి చేరువ పల్లెలో మా పినతండ్రిగారికి గుండెలో నొప్పిగా నున్నదని కబురు వచ్చినది. మేమును మా తమ్ముడును వెంటనే బయలుదేరితిమి. చీమకుర్తి దాటి కొంత దూరము పోగానే బండి దగ్గినది. అలవాటు చొప్పున చేయి మరమీదికి పోయినది. మర అదివరకే రిజర్వు వైపు తిరిగి యున్నది.

ఆ క్షణమున కలిగిన భావమును చెప్పుట కష్టము. మెట్టు ఉన్నదనుకొని చీకటిలో కాలు మోపగా మెట్టు లేనట్లుండెను. బండిని త్రోసికొనుచు కొంత దూరము నడచితిమి. రాయి వేసికొనివచ్చు లారీ ఒకటి ఆగినది. ఆ డ్రైవరు మంచివాడే. కాని లారీ నడుచునది డీజిలుతో. తమ్ముని ఎక్కించుకొని పొదిలి వైపు తీసికొనిపోయెను. మేము బండితో అచ్చటనే నిలిచితిమి. అర్ధరాత్రి వేళ ఒక కారు దీపములతో మా ప్రక్క నుండి ఒంగోలు వైపు రయ్యిన పోయినది. అందులో ఇరుగుపొరుగువారు తీసికొనిపోవుచున్నది మా పినతండ్రిగారినే యని మాకు తెల్లవారిన పిదప గాని తెలియలేదు. ఆయన కోలుకొనిరి. మేము మాత్రము ఆ రాత్రి ఎవ్వరికిని ఉపయోగపడలేదు.

మరునాడు ఇంట విచారించగా, మర త్రిప్పినది మా అన్నగారి కుమారుడని తేలినది. "నిన్న కాలేజీ నుంచి వస్తూ తిప్పాను బాబాయ్. చెప్పాలని తెలియదు" అనెను. వానిని కోపించుటకు మాకు నోరు రాలేదు. మేము సైతము ఎన్ని మారులు అట్లు చేసి యుందుమో! పెట్రోలు పోయించిన తరువాత మరను మరల 'ఆన్' గుర్తుకు త్రిప్పుట మరచినవారు కోకొల్లలు. అట్లు మరచిన టాంకునకు రిజర్వు అనునదే లేదు. పల్లపు తూము ఎల్లప్పుడును తెరచియుంచిన చెరువు అది; హెచ్చరిక లేకుండ ఒక్కసారిగా అడుగంటును. రిజర్వు అనునది నిజమునకు పెట్రోలు కాదు, ఒక కబురు. ఒకరు నడుపు బండిలో ఆ కబురు తనకు తాను చెప్పుకొన్నట్లే. నలుగురు నడుపు బండిలో దానిని నోటితో చెప్పనిచో రెండవవానికి చేరదు.

రిజర్వు కూడ అయిపోయి బండి నిలిచినచో చేయదగిన పనులు ఒకటి రెండు కలవు. మోటారు సైకిలు టాంకు గుఱ్ఱము మీది జీను వలె నడిమి కమ్మికి రెండు వైపులను దిగి యుండును. కుళాయి చాల బండ్లకు ఒక వైపుననే యుండును. కావున రెండవ వైపు పల్లములో కొంత పెట్రోలు చిక్కుకొని మిగిలిపోవుట కలదు. బండిని కుళాయి యున్న వైపునకు బాగుగా వంచి, కొంచెము కదిపి నిలిపినచో ఆ పెట్రోలు నడిమి గట్టు దాటి ఇవతలికి వచ్చును. దానితో రెండు మూడు కిలోమీటర్లు లాగవచ్చును. మన మెకానిక్కులందరును ఎరిగిన ఉపాయమిది. వంచునప్పుడు ఇంజను ఆర్పి యుండవలెను. బీడి, చుట్ట దరిదాపుల నుండరాదు.

ఒక్కొక్కప్పుడు పెట్రోలు నిండుగా నుండియే బండి రిజర్వుకు వచ్చినట్లు దగ్గును. మర త్రిప్పినను మారదు. అప్పుడు టాంకు మూతను తీసి చూడవలెను. మూతలో సన్నని గాలి రంధ్రమొకటి యుండును. పెట్రోలు దిగుచున్నకొలది ఆ ఖాళీలోనికి గాలి పోవుటకు అదియే దారి. రాతి క్వారీల దుమ్ముతోను, పొలముల మన్నుతోను అది పూడినచో లోన గాలి లేక పెట్రోలు దిగదు. మూత తీసినంతనే 'స్' అను శబ్దము వచ్చి బండి బాగుపడినచో దోషము మూతదియే.

దారిన పోవువారిని పెట్రోలు అడిగి తీసికొనునప్పుడు మరియొక జాగ్రత్త. పాత రాజదూత్, జావా వంటి రెండు స్ట్రోకుల బండ్లకు పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. ఆ నూనెయే ఇంజను లోపలి భాగములకు జిడ్డు. నాలుగు స్ట్రోకుల బండి నుండి తీసిన వట్టి పెట్రోలు దానిలో పోసి దూరము పోయినచో పిస్టను కాలి పట్టుకొనును. ఇల్లు చేరుటకు చేసిన సాయము ఇంజనును కాల్చును.

రిజర్వు రంధ్రము టాంకు అడుగుననే యుండుటచే మరియొక చిక్కు కలదు. నీరు పెట్రోలు కంటె బరువైనది గనుక మూత సందున దిగిన వానచుక్కలు అడుగున చేరును. త్రుప్పు, నలుసులు సైతము అచ్చటనే. ఏండ్ల తరబడి రిజర్వు వాడని బండి, అవసరము పడిన నాడే ఈ మడ్డిని పీల్చి మొరాయించును. అందుచేత నెల కొకసారి యైనను బంకునకు దగ్గరలో నున్నప్పుడు మరను రిజర్వునకు త్రిప్పి కొంత దూరము నడిపి, మరల యథాస్థానమునకు త్రిప్పుట మంచిది.

మీ బండి రిజర్వును మీరే కొలుచుకొనవచ్చును. టాంకు నిండుగా పోయించి, మీటరులోని అంకెను వ్రాసికొనుడు. బండి దగ్గిన చోట, మర త్రిప్పినప్పుడు, మరల అంకె వ్రాసికొనుడు. అచ్చట నుండి నేరుగా బంకునకు పోయి మరల నిండుగా పోయించుడు. మొత్తము దూరమును పోసిన లీటర్లతో భాగించిన మీ మైలేజి వచ్చును. 416 కిలోమీటర్లకు 8 లీటర్లు పట్టినచో లీటరునకు 52. టాంకు మొత్తము పట్టునది 10 లీటర్లైనచో, బంకు చేరునాటికి ఇంక 2 లీటర్లు మిగిలినవన్నమాట. అందులో ఏ రంధ్రమునకును అందని అడుగు మడ్డి కొంత తీసివేయవలెను. ఇట్లు మూడు నాలుగు మారులు చూచిన గాని లెక్క నిలువదు. పెట్రోలును ప్లాస్టిక్ సీసాలలో పట్టి డిక్కీలో పెట్టుకొని ఈ ప్రయోగము చేయబూనుట మాత్రము వలదు. ఎండలో అది పెట్రోలు కాదు, బాంబు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను బి.ఎస్. 6 అను పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. దానితో కొత్త మోటారు సైకిళ్లలో చాల వాటికి కార్బరేటరు పోయి ఇంజెక్షను పద్ధతి వచ్చినది. వీనిలో పెట్రోలును క్రిందికి దింపునది దాని బరువు కాదు. టాంకు లోపలనే మునిగి యుండు విద్యుత్తు పంపు దానిని ఒత్తిడితో నెట్టును. అందుచేత మర లేదు, రెండు గొట్టములు లేవు. రిజర్వు అనునది ముల్లు మీది ఎఱ్ఱ గీటుగను, వెలుగు చిన్న దీపముగను మారినది. ఆ దీపము ఎక్కుడు దిగుడులలో వెలిగి ఆరుచుండును. పెట్రోలు టాంకులో అటు నిటు ఊగుటయే కారణము. వెలిగి నిలిచినప్పుడే నమ్మవలెను. ఈ బండ్లలో అడుగంటు వరకు నడుపుట మరింత తప్పు, ఏలయన ఆ పంపును చల్లబరచునది చుట్టును ఉన్న పెట్రోలే. ఎండిన టాంకులో పంపు వేడెక్కి చెడును. పాత బండి ఎండినచో నడచుటతో సరిపోవును. కొత్త బండి ఎండినచో నడచుటయు, ఖర్చును.

దీపము వచ్చినది గదా, ఇక ఒకరికొకరు చెప్పుకొనవలసిన పని యేమి అని మా యింటి పిల్లలు అడిగిరి. దీపము తాళము త్రిప్పిన పిదప గాని వెలుగదు. అర్ధరాత్రి వేళ తాళము త్రిప్పి దీపమును చూచుట వలన పెట్రోలు రాదు. మా వసారాలో రేడియో బల్ల ప్రక్కన గోడకు రెండు మేకులు కొట్టి యున్నవి. పెట్రోలు చాలినంత యున్నప్పుడు బండి తాళము పై మేకునకు తగిలింతుము. రిజర్వుకు వచ్చినచో క్రింది మేకునకు. రాత్రి వార్తలు వినుటకు కూర్చున్నవారు తల యెత్తి చూచిన చాలును. తాళము క్రింద నున్నచో, వార్తలు ముగియగనే ఎవరో ఒకరు చొక్కా తొడుగుకొని బంకునకు పోయి వత్తురు.